నలభై మూడో సీటు

పొతియా రేవులో టికెట్లు అమ్ముతాను.
రోజుకి ఎన్నిసార్లు టైపు కొడతానో ఆ మాటని:
ఇకొనొమియా. ఎకానమీ తరగతి.
అంటే ఒరిగీ ఒరగని కుర్చీ,
పక్కవాడి మోచేయి,
రాత్రంతా సముద్రం,
తెల్లారేసరికి పిరేయస్.

ఆ మాటలో ఒక ఇల్లుందని బడిలో చెప్పారు,
ఇంటిని చక్కబెట్టే చెయ్యి కూడా ఉందని.
మా ఇంట్లో ఆ చెయ్యి అమ్మది.
ఉల్లిపాయ నాలుగు చెక్కలు చేసి
మూడు వండి, నాలుగోది రేపటికి బోర్లించేది.
అరిగి రేకైన సబ్బుని
కొత్త సబ్బు వీపుకి అతికించేది.
ఇకొనొమియా చెయ్యరా, అనేది
దీపం ఆర్పమనడానికి,
రొట్టె మీద నూనె తగ్గించమనడానికి,
నాన్న మీదికి నేను లేచినప్పుడు
నోరు మూసుకోమనడానికి కూడా.

తర్వాత సంక్షోభం వచ్చిన ఏళ్ళలో
ఆ మాట టై కట్టుకుని టీవీలో కూర్చుంది.
వంటింటి మాట, మాకే ఆనవాలు పట్టనంత లావెక్కింది.
దానికి జ్వరమొస్తే అమ్మ పింఛను కోశారు.
మళ్ళీ జ్వరం, మళ్ళీ కోత.
అది కోలుకుందని ఒక రాత్రి వార్తల్లో చెప్పారు.
అమ్మ విని, టీవీ కట్టేసి,
కరెంటు మిగిలింది, అంది.

ఈ మంగళవారం నా కిటికీ దగ్గరికి తెమెలీనా వచ్చింది.
డెబ్బై ఒకటి. ఇద్దరు భర్తల్ని మట్టికి అప్పజెప్పిన మనిషి.
పక్కన సకెల్లారిస్,
ఒకప్పుడు స్పాంజీల కోసం సముద్రం అడుగుకి దిగినవాడు,
ఎడమ కాలు అక్కడే మరిచి వచ్చినట్టు నడుస్తాడు.
"రెండు టికెట్లు," అంది.
"ఆదివారం పెళ్ళయింది మాకు."

మూడో పెళ్ళి!
పాపా-నోమికోస్, పేరులోనే చట్టమున్న మనిషి,
లావుపాటి పుస్తకం తెరిచి చదివి,
పైవాళ్ళకి ఉత్తరం రాసి, నెల ఆగి,
కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడట:
"చట్టం ప్రకారం కుదరదమ్మా.
ఇకొనొమియా ప్రకారం, ఆదివారం పదకొండింటికి రండి."

చర్చిలో కూడా అదే మాట, ఏం చేస్తాం.
కొలబద్ద పట్టుకుని నిలబడ్డవాడు
ఎదుటి మనిషి మొహం ఒకసారి చూసి
కొలబద్దని కాస్త వంచడం.

"ఎలా ఉంది పెళ్ళికొడుకా?" అన్నాను.
సకెల్లారిస్ కనుబొమ్మ ఒకటి ఎత్తాడు, అంతే.
నీళ్ళ కింద నేర్చిన పొదుపు అది.
గొట్టంలోంచి వచ్చే గాలి ఎంత,
అడుగున ఉండదగ్గ నిమిషాలు ఎన్ని,
పైకి రావడం ఎంత మెల్లగా.
ఒక్కసారి తొందరపడ్డాడు.
ఆ ఖర్చే ఆ కాలు.

తెమెలీనా కోకో డబ్బా మూత తీసింది.
ఇకొనొమీయెస్, అంటాం మేము దాచుకున్న డబ్బుని,
అదే మాటకి బహువచనం.
చిల్లర ముందు, నోట్లు అడుగున.
క్యాబిన్ ఎంత, అని అడిగింది.
చెప్పాను.
ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు,
డబ్బా మూత పెట్టుకుంది.
"ఎకానమీ ఇవ్వు," అంది,
"రాత్రే కదా, గడిచిపోతుంది.
పిరేయస్‌లో వీడి కాలుకి డాక్టరు ఉన్నాడట."

క్యాబిన్ తాళాలు నా చేతిలో లేవు.
ధర తగ్గించే మీట ఈ యంత్రానికి లేదు.
ఆ మాటకి దానికి తెలిసింది ఒక్కటే అర్థం.
నలభై ఒకటి, నలభై రెండు కొట్టాను.
టికెట్లు చేతికిచ్చి, వాళ్ళు నాలుగడుగులు వేశాక
నలభై మూడో సీటు విరిగిందని రాశాను.

విరగలేదు.
కాలు చాపుకోవడానికి అక్కడ చోటు.

వరసలో వెనకవాడు కిటికీ అద్దం కొడుతున్నాడు.
శుక్రవారం మరమ్మతుల స్టమాటిస్ వస్తాడు,
స్క్రూడ్రైవరు పట్టుకుని, కుర్చీ ఊపి ఊపి చూసి
నన్ను అడుగుతాడు.
వాడికి ఏదో ఒకటి చెప్పాలి,
తక్కువ మాటల్లో.